అర పెన్నీపాటి పిల్ల

సిడ్నీకి చదువుకోవడానికి వచ్చేనాటికి నా ఇంగ్లీషు మీద నాకు అంతులేని నమ్మకం. బందరులో పుట్టి, గుంటూరులో ఎమ్మే ఇంగ్లీషు చదివి, రెండేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని. పిల్లల కాంపోజిషన్ పుస్తకాల్లో ఎర్ర సిరాతో గీతలు పెట్టడం అప్పట్లో నాకు భలే సరదా. ఇక్కడ భాషాశాస్త్రంలో ఇంకో ఎమ్మే చేసి వెళితే, నాకు తెలియని ఇంగ్లీషు మాట ఉండదనుకున్నాను. వచ్చిన రెండో నెలలోనే ఒక మాట నన్ను బోర్లా పడేసింది.

సిడ్నీ శివారు గిరావీన్‌లో ఒక ఇంటి వెనక గదిలో ఉండేదాన్ని. నాతోపాటు ఆ గదిలో ఉండే అక్కది కరీంనగర్. అకౌంటింగ్ చదువుతూ, పక్కనే ఉన్న పెండిల్ హిల్‌లో ఒక మన సరుకుల కొట్టులో పని చేసేది. నాకు దగ్గరలోనే ఉన్న ఏజ్డ్ కేర్ హోమ్‌లో పని దొరికింది. వారానికి మూడు మధ్యాహ్నాలు టీ ట్రాలీ తోసుకుంటూ వెళ్ళి, హాల్లో కూర్చున్న పెద్దవాళ్ళకి టీ, బిస్కెట్లు ఇవ్వాలి. పన్నెండు మందికి పన్నెండు రకాల టీ. ఒకరికి పాలు ముందు పోయాలి, ఒకరికి తర్వాత. ఒకాయనకి అయితే టీ సంచీ కప్పులో ముంచి తీసిన చప్పుడు వినిపిస్తే చాలు, అంతకన్నా చిక్కగా ఉండకూడదు.

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చునేది. పిట్టంత మనిషి. ఎనభై దాటాయి. ఇంగ్లండు ఉత్తరాన, బట్టల మిల్లులుండే ఊరి నుంచి యాభై ఏళ్ళ క్రితం ఓడలో వచ్చిందట. అందరినీ "లవ్" అని పిలిచేది. టీ ఇచ్చే నన్నూ, మందులిచ్చే నర్సునీ, కిటికీ మీద వాలే మ్యాగ్‌పై పిట్టనీ కూడా. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషేనని తెలుస్తూ ఉండేది కానీ, ఒక్కో వాక్యంలో సగమే నా చెవికి అందేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఏదో పేపరు ఒళ్ళో పెట్టుకుని నన్ను పిలిచింది.

"లవ్, నా గ్లాసెస్ అక్కడ బల్ల మీద ఉన్నాయి. కాస్త తెచ్చిపెడతావా?"

బల్ల మీద నీళ్ళ జగ్గు, దాని చుట్టూ గాజు గ్లాసులు ఉన్నాయి. గ్లాసెస్ అంది కదా, ఒకటి చాలదేమో అనుకుని రెండు తీసుకుని, శుభ్రంగా కడిగి, ట్రేలో పెట్టుకుని వెళ్ళాను. పైగా వంగి, "నీళ్ళు పొయ్యమంటారా, జ్యూసా?" అని మర్యాదగా అడిగాను.

ఆవిడ గ్లాసుల వంక చూసింది, నా వంక చూసింది, చేతిలో ఉన్న పేపరు వంక చూసింది. అప్పుడు మొదలైంది నవ్వు. కుర్చీ కదిలిపోయేలా నవ్వి, కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి మీద ఒక్కటి తట్టి, "యూ డాఫ్ట్ ఏపత్!" అంది.

ఆవిడ అడిగింది కళ్ళజోడు. అది జగ్గు వెనకాల ఉంది. తెచ్చి ఇచ్చాను. కానీ ఆ మాట మాత్రం నా చెవిలో ముల్లులా ఉండిపోయింది. డాఫ్ట్ అంటే తెలుసు, తెలివితక్కువ అని. ఏపత్ ఏమిటి? అందులో నాకు స్పష్టంగా వినబడింది ఒక్కటే ముక్క. ఏప్. అంటే కోతి.

ఇంటికి వెళ్ళి డిక్షనరీ తీశాను. ఎ అక్షరం కింద ఎంత వెతికినా ఏపత్ లేదు. ఏప్ మాత్రం ఉంది, పక్కన బొమ్మతో సహా. నా ముఖం చూసి అక్క అడిగింది.

"ఏందే, గట్ల కూసున్నవ్?"

చెప్పాను. అక్క చేతిలో గరిట అలాగే ఆగిపోయింది.

"నిన్ను కోతి అన్నదా?"

"అలాగే వినిపించిందక్కా. కానీ నవ్వుతూనే అంది."

"నవ్వుకుంట అంటే తిట్టు కాదా? మన రంగు జూసి అన్నదే. ఇయ్యాల నువ్వు ఊకుంటే రేపు ఇంకోదాన్ని అంటది. రాసియ్యి కంప్లెయింట్. నీకు ఇంగ్లీషు బాగ వస్తది గద!"

ఆ చివరి మాట నన్ను పొడిచింది. కూర్చుని ఒక పేజీ నిండా రాశాను. ఎమ్మేలో నేర్చుకున్న పెద్దపెద్ద మాటలన్నీ అందులో దింపాను. "నా మానవ గౌరవానికి భంగం" అన్న అర్థం వచ్చేలా ఒక వాక్యం నాలుగు లైన్లు సాగింది. చదివితే అక్క కూడా మెచ్చుకుంది.

మర్నాడు కాగితం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుని పనికి వెళ్ళాను. సూపర్‌వైజరు గది తలుపు దగ్గర నిలబడ్డాను కూడా. లోపల ఆమె ఫోన్‌లో మాట్లాడుతోంది. ఎదురుచూస్తూ అద్దంలోంచి హాల్లోకి చూశాను. పెద్దావిడ తన ప్లేట్లోని క్రీమ్ బిస్కెట్లు రెండు పేపర్ నాప్‌కిన్‌లో చుట్టి పక్కన దాస్తోంది. అవి ఎవరికో నాకు తెలుసు. ట్రాలీ తిప్పేసరికి నాకు ఆకలేస్తుందని ప్రతిసారీ నా చేతిలో కుక్కేది. అలాంటి మనిషి నన్ను కోతి అంటుందా? ఒక్కసారి అడిగి చూద్దాం, తర్వాత ఇద్దాం అనుకుని హాల్లోకి వెళ్ళాను.

"నిన్న గ్లాసులు తెచ్చినప్పుడు మీరు నన్ను ఏదో అన్నారు. ఏమన్నారు?"

"ఏమన్నాను? డాఫ్ట్ ఏపత్ అన్నాను. ఎందుకు లవ్?"

"అంటే ఏమిటి?"

ఆవిడ నోరు తెరిచింది, మూసింది. జన్మంతా వాడిన మాటకి అర్థం చెప్పమంటే ఎవరికైనా అంతే. చివరికి, "అంటే... నువ్వే!" అని మళ్ళీ నవ్వింది.

పక్క బల్ల దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. ఆస్ట్రేలియాలోనే పుట్టి, రైళ్ళు నడిపి రిటైరైన మనిషి. టీ చప్పుడు చాలునన్నది ఆయనే. ఎవరు ఏం మాట్లాడుకుంటున్నా మధ్యలో దూరడం ఆయన హక్కు.

"దానికి హెచ్ ఉంది. ఈవిడ మింగేసింది. హేపత్. హాఫ్ పెన్నీ వర్త్. అర పెన్నీకి వచ్చే సరుకు. కలపండి, గబగబా అనండి, అదే అవుతుంది," అన్నాడు.

"నేను మింగలేదు. మా ఊళ్ళో ఎవరూ పెట్టనే లేదు," అంది ఆవిడ.

నా ఏప్రన్ జేబులో పెన్ను ఉంది. రాసి చూపించమన్నాను. కాగితం కోసం తడుముకుంటే మడిచిన ఆ ఫిర్యాదే చేతికి తగిలింది. దాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న వైపు ఆవిడ ముందు పెట్టాను. వణికే చేత్తో ఏడంటే ఏడు అక్షరాలు రాసి, మధ్యలో రెండు చోట్ల కామాలాంటి కొమ్ములు పెట్టింది. హెచ్, ఎ, కొమ్ము, పి, కొమ్ము, ఓ, ఆర్, టి, హెచ్. ఆవిడ ఒకటి మర్చిపోతే పెద్దాయన వేలు పెట్టి చూపించాడు. ఆ ఏడక్షరాల్లో మూడు మాటలు ఇరుక్కుని కూర్చున్నాయి. కొమ్ములున్న చోటల్లా కొన్ని అక్షరాలు రాలిపోయాయన్నమాట. నాకు సిగ్గు, సంతోషం రెండూ ఒక్కసారే వచ్చాయి. ఏదో పోగొట్టుకున్న వస్తువు ఇంట్లోనే దొరికినట్టుంది.

"అర పెన్నీకి ఏం వచ్చేది?" అని అడిగాను.

ఆవిడ కళ్ళు మారిపోయాయి. "విరిగిన బిస్కెట్లు. కొట్టు అతను కాగితం పొట్లం చుట్టి, డబ్బా అడుగున మిగిలిన ముక్కలు నింపి ఇచ్చేవాడు. ముక్కలే అయినా రకరకాలు ఉండేవి. మంచి రోజైతే చాక్లెట్ అంటుకున్న ముక్క ఒకటి వచ్చేది. దానికోసం నేనూ మా చెల్లీ కొట్టుకునేవాళ్ళం."

తర్వాత ఆవిడ చెప్పింది నేను మర్చిపోలేదు. వాళ్ళ నాన్న మిల్లులో పనిచేసేవాడు. మగ్గాల హోరులో చెవులు దెబ్బతిని, ఇంట్లో మాటే తగ్గిపోయిన మనిషి. ముద్దు చేయడం, దగ్గరికి తీసుకోవడం ఆ ఇంట్లో లేదు. కానీ ఈ పిల్ల ఏదైనా తింగరిపని చేస్తే, గుమ్మంలో బూట్లు విప్పుతూ తలెత్తి, "డాఫ్ట్ ఏపత్" అని, పెదవి చివర ఒక్క నవ్వు నవ్వేవాడట. ఆ ఒక్క మాట కోసం తను కావాలని తింగరిపనులు చేసేదట. పెళ్ళయ్యాక భర్త ఆ మాట అందుకున్నాడు. ఆయనదీ ఆ ఊరే. ఆయన పోయి ఇరవై ఏళ్ళు.

"ఇక్కడ ఎవర్ని అనను? ఈయన్నా?" అని పెద్దాయన వైపు తల ఊపింది. "నువ్వు ఆ రెండు గ్లాసులూ పట్టుకుని వచ్చి అలా నిలబడేసరికి, అదే వచ్చేసింది నోట్లోంచి."

కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్ళి అక్కకి అంతా చెబితే, ఆమె "గంతేనా! మరి నేను కాయితం మొత్తం ఇని మెచ్చుకుంటి," అని తల కొట్టుకుంది.

ఆ వారమే మా క్లాసులో మాస్టారు, ఎవరికి వారు ఒక ఇంగ్లీషు మాటని ఎంచుకుని దాని చరిత్ర రాసి, క్లాసు ముందు చెప్పాలన్నారు. మాస్టారు పొడుగాటి మనిషి, ఎండాకాలమైనా చలికాలమైనా చెప్పుల్లేకుండా కారిడార్లో తిరిగేవారు. నా మాట నాకు దొరికేసింది.

లైబ్రరీలో పెద్ద డిక్షనరీ సంపుటాలు ముందేసుకుని కూర్చుంటే గంటలు తెలిసేవి కావు. వెయ్యేళ్ళ క్రితం ఇంగ్లీషులోనే పెన్నీ, విలువ అన్న రెండు మాటలూ కలిసి ఒక్క మాటైపోయాయట. తర్వాత ఆ మాట పెన్నీకి వచ్చే సరుకనే కాకుండా, చవగ్గా దొరికిన బేరమనీ, చివరికి మనిషి తనవంతుగా చెప్పే అభిప్రాయమనీ రకరకాలుగా తిరిగింది. దాని చిన్న చెల్లెలు అర పెన్నీది. అది జనం నోళ్ళలో పడి, పొట్టిదై, తింగరి మనిషికి ముద్దుపేరుగా అంటుకుంది.

ఆ ఆదివారం ఫోన్ కార్డు గీకి మా అమ్మమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మమ్మా, నీ చిన్నప్పుడు కానీకి ఏమొచ్చేది?"

"కానీకా? దోసెడు మరమరాలు వచ్చేవే. పైన గుప్పెడు వేయించిన సెనగలు కొసరు. ఎందుకే?"

"చదువు కోసం."

"ఏం చదువే అది! అంత దూరం వెళ్ళింది మరమరాలు అడగడానికా? కానీకి కొరగాని పిల్లా!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే కార్డు అయిపోయి లైను తెగిపోయింది.

పుట్టినప్పటి నుంచీ ఆ తిట్టు తింటున్నాను. దాన్ని విన్నప్పుడల్లా నాకు ఒంటికి నూనె రాసినంత హాయిగా ఉండేది. దాని అర్థం మాత్రం నాకు ఎవరూ డిక్షనరీలో చూపించాల్సిన పని లేకపోయింది. ఆ రాత్రి వ్యాసంలో ఇంకో పేరా చేర్చాను. ఇంగ్లీషు వాళ్ళకి నాణానికీ సరుకుకీ మధ్య వర్త్ అనే మాట ఒకటి కావాలి. మనకి అక్కర్లేదు. రూపాయి మరమరాలు, అర్ధణా జీళ్ళు అంటే చాలు, కొట్టు అతను పొట్లం కట్టేస్తాడు.

చిత్తుప్రతి చదివి మాస్టారు ఒక్క చోట గీత పెట్టారు. నేను ఏపత్‌ని "చెడిపోయిన రూపం" అని రాశాను. ఆయన పక్కన, "చెడిపోలేదు. వాడారు," అని రాశారు. ఒకప్పుడు నేనే పిల్లల పుస్తకాల్లో అలాంటి మాటల మీద ఎన్ని ఎర్రగీతలు పెట్టానో గుర్తొచ్చింది.

"దీన్ని ఎలా పలుకుతారో నీకెలా తెలిసింది?" అని అడిగారాయన.

"పలికే మనిషి ఉన్నారు సర్. ఇక్కడికి పదిహేను నిమిషాల దూరంలో."

"అయితే నువ్వెందుకు చెప్పడం? ఆవిణ్ణే తీసుకురా."

సూపర్‌వైజరుని అడిగితే, "మంగళవారం అర్వో వ్యాన్ ఖాళీయే. నేనే నడుపుతాను," అంది. అర్వో అంటే ఇక్కడివాళ్ళకి మధ్యాహ్నం. పెద్దావిడకి చెబితే ముందు నవ్వి కొట్టిపారేసింది. తర్వాత, ఏ రంగు కార్డిగన్ వేసుకోవాలో మూడు రోజులు అందరినీ అడిగింది. మంగళవారం పొద్దున్నే జుట్టు రింగులు తిప్పించుకుంది. ఇదంతా చూసి పెద్దాయన ఉండబట్టలేకపోయాడు.

"నేనూ వస్తాను. నా టూ బాబ్స్ వర్త్ నేనూ చెప్పాలి కదా!"

బాబ్ అంటే షిల్లింగ్. మన మాటల్లో చెప్పాలంటే, నా అభిప్రాయమూ ఒకటి పడేస్తాను అని.

"నీది రెండు షిల్లింగులా! నాది అర పెన్నీయేనా!" అంది ఆవిడ. వ్యాన్ యూనివర్సిటీ చేరేదాకా ఆ తగాదా తెగలేదు.

తీరా క్లాసు గది తలుపు ముందుకి వచ్చేసరికి ఆవిడ కుర్చీ చక్రాన్ని చేత్తో గట్టిగా పట్టుకుంది. అద్దంలోంచి లోపల పదకొండు మంది విద్యార్థులు కనిపిస్తున్నారు. చైనా, కొరియా, బ్రెజిల్, ఎక్కడెక్కడి వాళ్ళో.

"నన్ను వెనక్కి తీసుకెళ్ళు లవ్. నేను పద్నాలుగో ఏట బడి మానేసి మిల్లుకి పోయినదాన్ని. వీళ్ళంతా చదువుకున్నవాళ్ళు. నన్ను చూసి నవ్వుతారు."

ఎన్ని చెప్పినా ఆవిడ చెయ్యి వదల్లేదు. నా చేతిలో నోట్స్ ఉన్నాయి. వాటిలో మొదటి కాగితం అదే, ఒకవైపు ఆవిడ వణికిన రాత, ఇంకోవైపు నా పెద్దపెద్ద మాటలు. నేను ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"మీకొకటి చెప్పాలి. మీరా మాట అన్న రోజు, నన్ను కోతి అన్నారనుకున్నాను. మీ మీద ఫిర్యాదు రాశాను. ఇదిగో, ఇదే."

కాగితం తిరగేసి ఆవిడ చేతిలో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని చదివింది. మెల్లిగా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"కోతి అన్నాననుకున్నావా? నేనా?" అంది. "అలా అనుకుని కూడా వచ్చి, నన్నే అడిగావా?"

"ఎమ్మే చదివాను. అయినా మీరన్న ఆ ఒక్క మాట అర్థం కాలేదు. లోపల అందరూ నాలాంటి వాళ్ళే. మీరు రాకపోతే మాకు చెప్పేవాళ్ళు లేరు."

ఆవిడ నా చెంప మీద చెయ్యి వేసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. తర్వాత మళ్ళీ కాగితం చూసి, ఆ నాలుగు లైన్ల వాక్యం దగ్గర ఆగింది. "ఈ మాటకి అర్థం ఏమిటి?" అని వేలు పెట్టి అడిగింది. చెప్పాను. "మా నాన్న ఇది చూస్తే!" అంటూ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుతోనే చక్రాల మీంచి చేతులు తీసింది. పెద్దాయన తలుపు తెరిచి పట్టుకున్నాడు.

క్లాసులో నేను చెప్పింది ఐదు నిమిషాలు. మిగిలిన గంటా ఆవిడదే. విరిగిన బిస్కెట్ల పొట్లం ఎంత ఉండేదో చేతులతో చూపించింది. మగ్గాల హోరులో పెదవులు చూసి మాటలు పట్టుకోవడం ఎలాగో, ఆడవాళ్ళు గది ఆ చివర నుంచి ఈ చివరికి చప్పుడు లేకుండా కబుర్లు ఎలా చెప్పుకునేవాళ్ళో చేసి చూపించింది. మాస్టారు కుర్చీ వదిలేసి, ఆవిడ ముందు నేల మీద మఠం వేసుకుని కూర్చున్నారు. తర్వాత ఆవిడ అందరి చేతా ఆ మాట పలికించింది. బ్రెజిల్ అబ్బాయి "ఏపచీ" అన్నాడు. కొరియా అమ్మాయి సిగ్గుపడుతూ నాలుగుసార్లు ప్రయత్నించి, ఐదోసారి సరిగ్గా అనేసింది. ఎంత సరిగ్గా అంటే, పెద్దావిడ ఉలిక్కిపడి, "ఇంకోసారి అను, లవ్," అంది. ఆ అమ్మాయి అంది. పెద్దావిడ కళ్ళు మూసుకుని వింది. మధ్యలో హెచ్ సంగతి ఎత్తబోయిన పెద్దాయనకి మాస్టారు మర్యాదగా అడ్డం పడి, రెండు రకాలూ సరైనవేనన్నారు. ఆయన ఒప్పుకోలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు సూపర్‌వైజరు వ్యాన్‌ని పెండిల్ హిల్ వైపు తిప్పింది, అందరికీ ఆకలిగా ఉందని. అక్కడి ఇడ్లీ దోసెల హోటల్లో నలుగురం కూర్చున్నాం. పెద్దావిడ దోసె చివర్లు కరకరలాడే చోట తుంచుకుని తిని, అల్లం పచ్చడి తగిలి దగ్గి, నీళ్ళు తాగి, ఇంకాస్త పచ్చడి వేయించుకుంది. పెద్దాయన దోసె మీద వెన్న, జామ్ కావాలన్నాడు. పక్క కొట్టు నుంచి అక్క ఏప్రన్ తోనే పరుగెత్తుకొచ్చింది. ఇద్దర్నీ చూసి, నా చెవి దగ్గర, "గీమెనేనా? గింతంత ఉన్నదే!" అని, వెళ్ళి బర్ఫీ పొట్లం తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

వ్యాసానికి మంచి మార్కులే వచ్చాయి. నాకు అంతకన్నా నచ్చింది ఆ పై వారం జరిగింది. మంగళవారం మధ్యాహ్నం ట్రాలీ తోసుకుని హాల్లోకి వెళ్ళేసరికి, కిటికీ పక్కన కొరియా అమ్మాయి కూర్చుని ఉంది, చేతిలో చిన్న టేప్ రికార్డరుతో. ఇంకో వారం బ్రెజిల్ అబ్బాయి వచ్చాడు, పెద్దాయన రైలు మాటలు రాసుకోవడానికి. ఆ తర్వాత మాస్టారు. హోమ్‌లో అడుగు పెట్టేటప్పుడు మాత్రం ఆయన బూట్లు వేసుకుని వచ్చేవారు. పన్నెండు కప్పుల టీ పదిహేను కప్పులైంది. హాల్లో ఎవరేమంటున్నారో వినబడనంత గోల. నేను వంటింట్లోకి వెళ్ళి ఇంకో కెటిల్ నిండా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను.